1248 సీసీ: ఒక డీజిల్ ఇంజన్ చరిత్ర

2015 సెప్టెంబర్ 1న మారుతి సుజుకీ తన సియాజ్ కారులో కొత్త డీజిల్ రకాన్ని విడుదల చేసింది. పేరు పక్కన ఎస్‌హెచ్‌వీఎస్ అని నాలుగక్షరాలు చేరాయి. స్మార్ట్ హైబ్రిడ్ వెహికల్ బై సుజుకీ అని దాని విస్తరణ. లీటరు డీజిల్‌కి 28.09 కిలోమీటర్లు వస్తుందని ప్రకటన. సరిగ్గా పదిహేడు రోజుల తరవాత, సెప్టెంబర్ 18న, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కి నోటీసు ఇచ్చింది. పరీక్ష గదిలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా పొగ వదిలేలా ఆ కంపెనీ తన డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేర్ పెట్టిందన్నది ఆరోపణ. తరవాత కంపెనీ ఒప్పుకుంది కూడా.

ఈ రెండు సంఘటనలకీ నేరుగా సంబంధం ఏమీ లేదు. కానీ డీజిల్ కారు చరిత్రలో ఒక తలుపు తెరుచుకుంటున్నప్పుడే ఇంకో తలుపు మూసుకోవడం మొదలైందని వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది. సియాజ్‌లో ఉన్న ఇంజన్ అప్పటికే పన్నెండేళ్ల పాతది. ఇటలీలో పుట్టి, పోలండ్‌లో పెరిగి, హర్యానాలో స్థిరపడింది. మన ఆటోమొబైల్ పత్రికలు దాన్ని ముద్దుగా ‘జాతీయ ఇంజన్’ అనేవి. హైదరాబాదులోనో విజయవాడలోనో గత పదిహేనేళ్లలో మీరు క్యాబ్ ఎక్కి ఉంటే, ఆ ఇంజన్ చప్పుడు వినే ఉంటారు. నేనైతే డిజైర్ ముందు సీట్లో కూర్చుని దాని గొంతు వింటూనే ఈ నగరాన్ని తెలుసుకున్నాను. ఆ గొంతు వెనక ఉన్న కథ చెప్పాలని ఈ వ్యాసం.

ఇటలీ గొట్టం

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ని చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1890లలో కనిపెట్టిన సూత్రం ఇంతే. చిక్కంతా ఆ చిమ్మడం దగ్గరే ఉంది. ఎంత ఒత్తిడితో, ఎంత సన్నగా, ఏ క్షణంలో చిమ్మాలి? పాత డీజిళ్లలో పంపు తిరిగే వేగాన్ని బట్టి ఒత్తిడి మారేది. అందుకే ఆ దడదడ, ఆ నల్ల పొగ. మన అంబాసిడర్ డీజిల్‌నీ, తొలి ఇండికానీ గుర్తున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కామన్ రైల్ పద్ధతి ఈ చిక్కుని విప్పింది. ఒక గట్టి గొట్టంలో డీజిల్‌ని ఎప్పుడూ విపరీతమైన ఒత్తిడిలో నిలవుంచుతారు. అన్ని సిలిండర్ల ఇంజెక్టర్లూ ఆ గొట్టం నుంచే తీసుకుంటాయి. ఎప్పుడు తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. కార్ల కోసం దీన్ని పరిణతికి తెచ్చిన పనిలో పెద్ద భాగం ఫియట్ పరిశోధన కేంద్రాలదే. డబ్బుకి కటకటగా ఉన్న ఫియట్ 1990ల మధ్యలో ఆ హక్కుల్ని జర్మనీ కంపెనీ బాష్‌కి అమ్మేసింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కామన్ రైల్ డీజిల్‌తో వచ్చిన తొలి కారయింది. కానీ ఆ విద్యతో ఎక్కువ సంపాదించుకున్నది బాషే. సొంత ఇంటి విత్తనం పొరుగు పొలంలో పండినట్టయింది.

2003లో ఫియట్ రెండో అడుగు వేసింది. అదే 1.3 మల్టీజెట్. అసలు ఘనపరిమాణం 1248 సీసీ. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 82 మిల్లీమీటర్లు. బరువు సుమారు 130 కిలోలు. రైల్ ఒత్తిడి మొదట్లో 1400 బార్. ఒక్కో మంటకి డీజిల్‌ని ఒకేసారి పొయ్యకుండా అయిదు విడతల దాకా చిలకరించగలదు. అసలు మోతాదుకి ముందు చిన్న చిలకరింపు ఒకటి పడితే మంట మెల్లిగా రాజుకుని దడదడ తగ్గుతుంది. పేరులో ‘మల్టీ’ అందుకే.

తొలి రూపంలో 70 పీఎస్ శక్తి, 180 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంత చిన్న డీజిల్‌లో ఇంత సత్తువ అప్పటికి విశేషమే. 2005లో దాని తరగతిలో ‘ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి కూడా గెలిచింది. ఉత్పత్తి పోలండ్‌లోని బియెల్స్కో-బియావాలో, అప్పటి భాగస్వామి జనరల్ మోటర్స్‌తో కలిసి. 2005లో ఆ భాగస్వామ్యం తెగిపోయింది. ఫియట్‌ని కొనాల్సిన బాధ్యత నుంచి తప్పుకోవడానికి జనరల్ మోటర్స్ సుమారు 200 కోట్ల డాలర్లు చెల్లించింది. డబ్బిచ్చి వెళ్లిపోతూ కూడా ఈ చిన్న డీజిల్ మీద తన హక్కుని మాత్రం వదులుకోలేదు. ఇంజన్ విలువ ఏమిటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మానేసర్ మలుపు

సుజుకీకి చిన్న పెట్రోల్ ఇంజన్లు చెయ్యడం వెన్నతో పెట్టిన విద్య. డీజిల్ దగ్గరికొచ్చేసరికి చేతులు ఖాళీ. అంతకుముందు జెన్, ఎస్టీమ్ కార్లకి ప్యూజో నుంచి 1527 సీసీ ఇంజన్ తెచ్చిపెట్టుకుంది. ఈసారి ఫియట్ దగ్గర లైసెన్స్ తీసుకుని మానేసర్‌లో సొంతంగా తయారీ మొదలుపెట్టింది. 2007 జనవరిలో స్విఫ్ట్ డీజిల్ వచ్చింది. 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. మరుసటి ఏడాది డిజైర్. ఫియట్ తన కార్లలో, టాటా తన విస్టా, మాంజాల్లో ఇదే ఇంజన్ వాడాయి. షెవర్లే బీట్‌కి ఇందులోంచే ఒక సిలిండర్ తగ్గించి 936 సీసీ డీజిల్ చేశారు. ఎదురెదురుగా పోటీపడే కంపెనీలు ఒకే గుండెతో బతికిన విచిత్రమైన కాలమది.

ఇంజన్ మంచిదవడం ఒక్కటే దీనికి కారణం కాదు. పన్ను నిబంధనలు కూడా కలిసొచ్చాయి. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, డీజిల్ ఇంజన్ 1500 సీసీ లోపుంటే ‘చిన్న కారు’ కింద ఎక్సైజ్ తక్కువ. ఇక 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోల్ ధరని మార్కెట్‌కి వదిలేసి, డీజిల్‌ని మాత్రం పట్టుకుని కూర్చుంది. 2012 మే నెలాఖరుకి ఢిల్లీలో లీటర్ పెట్రోల్ 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 రూపాయల లోపే. రైతు పంపుసెట్టుకీ లారీకీ అని ఉంచిన ధర మధ్యతరగతి డిజైర్లలోకి ప్రవహించింది. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే.

కార్ల కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. ఇంజన్లు చాలక మారుతి 2012 జనవరిలో ఫియట్‌తో ఏడాదికి లక్ష ఇంజన్లు కొనే ఒప్పందం చేసుకుంది. అవి పుణె దగ్గర రంజన్‌గావ్ నుంచి వచ్చేవి. ఆ డిమాండ్ బరువు మోసినవాళ్ల కథ బ్రోషర్లలో ఉండదు. 2011లో మానేసర్ కార్ల కర్మాగారంలో సొంత యూనియన్ కోసం, కాంట్రాక్ట్ కార్మికుల కోసం సమ్మెలు జరిగాయి. అక్టోబర్‌లో పక్కనే ఉన్న ఇంజన్ ఫ్యాక్టరీ సుజుకీ పవర్‌ట్రెయిన్ కార్మికులు కూడా సంఘీభావంగా పని ఆపేశారు. 2012 జులై 18న కార్ల కర్మాగారంలో హింస చెలరేగి ఒక మేనేజర్ చనిపోయాడు. వందలమంది ఉద్యోగాలు పోయాయి. అనేకమంది ఏళ్లతరబడి జైల్లో ఉన్నారు. 2017లో పదమూడుమందికి యావజ్జీవ శిక్ష పడింది. డీజిల్ జోరు అని మనం గుర్తుపెట్టుకునే సంవత్సరాలూ ఇవీ ఒకటే.

చెయిన్ చప్పుడు

ఇప్పుడు ఈ ఇంజన్ జబ్బుల సంగతి. ఎందుకంటే ఏ యంత్రాన్నయినా అది చెడిపోయే తీరులోనే బాగా అర్థం చేసుకోగలం.

మొదటిది టైమింగ్ చెయిన్. కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌కీ, పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కీ మధ్య తాళం తప్పకుండా ఉంచేది ఇదే. చాలా ఇంజన్లలో ఇక్కడ రబ్బరు బెల్టు ఉంటుంది, ఇన్ని కిలోమీటర్లకి మార్చమని చెబుతారు. 1.3లో ఇనప చెయిన్ పెట్టి, ఇంజన్ బతికినంతకాలం అదీ బతుకుతుందన్నారు. ఆ మాట అబద్ధమేం కాదు, కానీ దానికో షరతుంది. చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ చిక్కబడి మురికైతే టెన్షనర్ సడలుతుంది, చెయిన్ అరిగి సాగుతుంది. యూరప్‌లో 30,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మారిస్తే చాలన్నారు. సంపులో పట్టేది మూడు లీటర్ల చిల్లర. అంత తక్కువ ఆయిల్‌ని అంత దూరం పరిగెత్తించిన బండ్లలోనే ఈ జబ్బు ఎక్కువ కనిపించింది. మన దగ్గర 10,000 కిలోమీటర్ల గడువు పెట్టడం ఇంజన్ ఆయుష్షు పెంచిందనే చెప్పాలి.

పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని లోహపు చప్పుడు వస్తే చెయిన్ కబురు పెట్టిందని అర్థం. పట్టించుకోకపోతే ఒకరోజు అది పన్ను దాటుతుంది. తెరిచి ఉన్న వాల్వుకి పైకొచ్చే పిస్టన్ తగులుతుంది. రాకర్ ఆర్ములు విరగడంతో ఆగితే అదృష్టమే, లేకపోతే హెడ్ మొత్తం విప్పాలి.

రెండోది ఈజీఆర్ వాల్వ్. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపి మంట వేడి తగ్గిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. కానీ పొగతో పాటు మసి కూడా వస్తుంది. ట్రాఫిక్‌లో పాకే బండిలో ఆ మసి పేరుకుని వాల్వ్ ఇరుక్కుంటుంది. బండి లాగడం మానేస్తుంది, నల్ల పొగ వదులుతుంది. మూడోది ఇంజెక్టర్లు. 1400, 1600 బార్ ఒత్తిడిలో వెంట్రుక సన్నపు రంధ్రాల్లోంచి చిమ్మే పరికరానికి నీళ్లో కిరోసినో కలిసిన డీజిల్ పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత ఇండికా అరాయించుకున్న కల్తీని ఇది అరాయించుకోలేదు.

నాలుగోది టర్బో. నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరిగే ఆ చక్రానికి పల్చటి ఆయిల్ పొర ఒక్కటే ఆధారం. హైవే మీద గంటసేపు తరిమి, దాబా దగ్గర ఆగిన మరుక్షణం తాళం తిప్పేస్తే ఆ వేడికి ఆయిల్ అక్కడే మాడుతుంది. పాత డ్రైవర్లు బండి ఆపాక ఒక నిమిషం ఇంజన్ని అలాగే తిరగనిస్తారు. అలవాటులా కనిపించే ఆ పని వెనక పెద్ద శాస్త్రమే ఉంది. ఇక టర్బోతో ముడిపడ్డ ఇంకో ఫిర్యాదు అసలు జబ్బే కాదు, పుట్టు లక్షణం. 2000 ఆర్‌పీఎం లోపు ఇంజన్ నిద్రపోతుంది, అది దాటగానే ఒక్కసారి తోస్తుంది. సియాజ్‌లో వాడిన 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్ల రూపంలో టర్బో రెక్కల కోణం మారుతుంది, అయినా ఆ కునుకు పూర్తిగా పోలేదు.

ఇన్ని చెప్పాక ఒక మాట. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన డిజైర్లు మన ఊళ్లలో అరుదేం కాదు. నమ్మకం అనేది ఇంజన్‌లో పోతపోసి వచ్చే గుణం అనుకుంటాం. సగమే నిజం. మిగతా సగం ఆయిల్ ఎప్పుడు మార్చారు, డీజిల్ ఎక్కడ పోయించారు, చప్పుడు విని ఎవరు గుర్తుపట్టారు అన్నదాంట్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ తగిలించకముందే బానెట్ మీద చెయ్యి పెట్టి ‘చెయిన్ సార్’ అని చెప్పే మెకానిక్‌ది కూడా ఇంజనీరింగే. దాన్ని ఎవరూ రాసిపెట్టడం లేదు.

బెల్టు కట్టిన హైబ్రిడ్

డీజిల్‌కి కరెంటు మోటారు జోడించాలన్న ఆలోచన పాతది. 1990లలో అమెరికా ప్రభుత్వం అక్కడి మూడు పెద్ద కంపెనీలతో కలిసి గ్యాలన్‌కి 80 మైళ్లు, అంటే లీటరుకి సుమారు 34 కిలోమీటర్లు, ఇచ్చే కుటుంబ కారు చెయ్యాలనుకుంది. 2000 నాటికి మూడు కంపెనీలూ చూపించిన నమూనాలు డీజిల్ హైబ్రిడ్లే. ఏదీ షోరూం దాకా రాలేదు. నిజంగా అమ్మకానికొచ్చిన మొదటి డీజిల్ హైబ్రిడ్ కారు ప్యూజో 3008 హైబ్రిడ్4. ముందు చక్రాలకి 163 పీఎస్ డీజిల్, వెనక చక్రాలకి 37 పీఎస్ కరెంటు మోటారు. తరవాత వోల్వో, మెర్సిడెస్ కూడా ప్రయత్నించాయి. అన్నిటికీ ఒకే అడ్డంకి. డీజిల్ ఇంజనే పెట్రోల్ కంటే ఖరీదు. దాని మీద బ్యాటరీ, మోటారు ఖర్చు పడితే, ఆదా అయ్యే ఇంధనం ఆ ఖర్చుని రాబట్టడానికి ఏళ్లు పడుతుంది.

మారుతి దారి వేరు. అతి తక్కువ ఖర్చులో అయ్యేది చేసింది. మామూలు ఆల్టర్నేటర్ తీసేసి, ఆ స్థానంలో ఐఎస్‌జీ అనే యంత్రం పెట్టింది. అది కరెంటు తయారుచేస్తుంది, అవసరమైతే మోటారుగా కూడా తిరుగుతుంది. ఇంజన్‌కి దాన్ని కలిపేది ఒక రబ్బరు బెల్టు. కొంచెం పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి. అంతే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ వదిలితే ఇంజన్ ఆగుతుంది. క్లచ్ తొక్కగానే బెల్టు ద్వారా నిశ్శబ్దంగా మళ్లీ స్టార్టవుతుంది. వేగం తగ్గించేటప్పుడు చక్రాల ఊపు నుంచి కొంత కరెంటు బ్యాటరీకి వెళుతుంది. వేగం అందుకునేటప్పుడు మోటారు కొంచెం భుజం కలుపుతుంది. కరెంటు మీద మాత్రమే ఆ బండి ఒక్క మీటరు కూడా కదలదు.

అయినా ఫలితం తీసిపారేసేది కాదు. పాత సియాజ్ డీజిల్ ప్రకటిత మైలేజి 26.21 అయితే ఇది 28.09. ఎర్టిగాలో 20.77 నుంచి 24.52కి పెరిగింది. రోడ్డు మీద ఇంత రాదని తెలిసిందే గానీ, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు కాలే డీజిల్ మాత్రం నిజంగానే మిగిలింది.

కొత్త భాగాలతో కొత్త జబ్బులు రావాలి కదా. పాత బెల్టుకి ఒకవైపు లాగడమే పని, ఈ బెల్టు రెండువైపులా లాగాలి. అరిగితే స్టార్టింగ్ దగ్గరే తెలుస్తుంది. బ్యాటరీ కొంచెం నీరసించినా, ఏసీ భారం పెరిగినా ఇంజన్ ఆగడం మానేస్తుంది. చాలామంది సొంతదారులు దాన్ని రిపేరు అనుకుంటారు, నిజానికి వ్యవస్థ తనని తాను కాపాడుకుంటోంది. బ్యాటరీ మార్చాల్సి వచ్చినప్పుడు మామూలుది పెడితే కుదరదు, బిల్లు పెద్దదవుతుంది. తరవాతి తరం పెట్రోల్ స్మార్ట్ హైబ్రిడ్లలో మోటార్ జనరేటర్ యూనిట్‌లోనే లోపం ఉండొచ్చని 2019 డిసెంబర్‌లో మారుతి 63,493 కార్లని వెనక్కి పిలిచింది. అవి సియాజ్, ఎర్టిగా, ఎక్స్‌ఎల్6.

పేరుకి కట్టిన పన్ను

ఇంత చిన్న బెల్టుకి ‘హైబ్రిడ్’ అన్నంత పెద్ద పేరు ఎందుకు? జవాబు రోడ్డు మీద లేదు, గెజిట్‌లో ఉంది. 2015 ఏప్రిల్‌లో కేంద్రం ఫేమ్ పథకం మొదలుపెట్టింది. కరెంటు బండ్లని, హైబ్రిడ్లని ప్రోత్సహించడం దాని ఉద్దేశం. సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్‌కి 13,000 రూపాయల రాయితీ వచ్చింది. పథకం డబ్బులో గణనీయ భాగం ఇలాంటి మైల్డ్ హైబ్రిడ్లకే వెళుతోందన్న విమర్శ పెరిగి, 2017 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం వాటిని తప్పించింది. అదే ఏడాది జులైలో జీఎస్టీ వచ్చింది. హైబ్రిడ్ల మీద 28 శాతం పన్ను, పైన 15 శాతం సెస్, మొత్తం 43. నిన్నటిదాకా పర్యావరణ హితుడైన కారు రాత్రికి రాత్రి విలాస వస్తువుల వరసలో కూర్చుంది. మధ్యలో ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా మారలేదు.

తరవాతి దెబ్బ అసలు డీజిల్ మీదే పడింది. 2014 అక్టోబర్‌లోనే డీజిల్ ధరని కూడా మార్కెట్‌కి వదిలేయడంతో లాభం సన్నగిల్లుతోంది. 2016లో ప్రభుత్వం బీఎస్5ని దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్6 అంది. డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకి 0.25 గ్రాముల నుంచి 0.08కి, ధూళి 0.025 నుంచి 0.0045 గ్రాములకి దిగాలి. దానికి పొగ గొట్టంలో మసిని పట్టి కాల్చే ఫిల్టర్ తప్పనిసరి. యూరప్‌లో ఇదే ఇంజన్‌కి ఆ ఫిల్టర్ పెట్టినప్పుడు, చిన్న దూరాలు తిరిగే బండ్లలో మసి పూర్తిగా కాలక, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లో కలిసిపోయేది. పల్చబడ్డ ఆయిల్ మళ్లీ ఆ చెయిన్ మీదకే దెబ్బ తెచ్చేది. చిన్న కారులో ఇదంతా గిట్టుబాటు కాదని 2019 ఏప్రిల్‌లో మారుతి ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి డీజిల్ కార్లే మానేసింది. 2020 జనవరిలో రంజన్‌గావ్ కూడా 1.3 తయారీ ఆపేసింది. వీడ్కోలు సభల్లేవు. మార్చికల్లా దేశమంతా వేరే కారణంతో తలుపులు మూసుకుంది.

డీజిల్ పొగకి నేను జాలిపడటం లేదు. ఢిల్లీలో శీతాకాలం గాలి పీల్చిన ఎవరికైనా ఆ ప్రమాణాలు ఎందుకవసరమో తెలుసు. నా ప్రశ్న వేరే. ఆ పొగని చౌక చేసింది ధరల విధానం. దానికి పచ్చరంగు పూసింది రాయితీ. ఆ రంగు కడిగేసింది ఇంకో విధానం. పదేళ్లు దాటిన డీజిల్ కారు ఢిల్లీలో తిరక్కూడదన్న ఆదేశం వచ్చాక, అక్కడి బండ్లు ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రాలకి వెళ్లి చౌకగా అమ్ముడయ్యాయి. మొదటి సొంతదారుకి రాయితీ దక్కింది. మూడో సొంతదారుకి బ్యాటరీ బిల్లూ, చెయిన్ చప్పుడూ దక్కుతాయి. బ్యాంకు వాయిదాల మీద సెకండ్ హ్యాండ్ కారు కొని క్యాబ్‌కి పెట్టుకునే మనిషి చాలాసార్లు ఆ మూడోవాడే.

2022లో వచ్చిన గ్రాండ్ విటారాలో మారుతి రెండు రకాలు అమ్మింది. ఒకటి కరెంటు మీద నిజంగా కొంతదూరం నడవగలిగేది, టొయోటా విద్య. రెండోది పాత పద్ధతిలో బెల్టుతో నడిచే ‘స్మార్ట్ హైబ్రిడ్’. రెండింటి పేరులోనూ హైబ్రిడ్ ఉంది. ఈసారి షోరూంలో ఆ మాట వినబడితే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇంజన్ ఆపేస్తే ఈ బండి ఎంత దూరం వెళుతుంది? ఇక పాత డీజిల్ కొనడానికి వెళుతుంటే మాత్రం, పొద్దున్నే వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. తాళం తిప్పి, మొదటి మూడు సెకన్లు మాట్లాడకుండా వినండి.